ఊరి లెక్క: కవిలె కట్ట నుంచి కంప్యూటర్ దాకా

1

సాహిత్య విమర్శకు పేజీలు కేటాయించే పత్రికలో గ్రామ రికార్డుల గురించీ, పంచాయతీ కంప్యూటర్ల గురించీ వ్యాసమేమిటని కొందరు మిత్రులకు సందేహం రావచ్చు. సందేహం సహజమే. కానీ రికార్డు కూడా ఒక రచనే. దానికి రాసేవాడున్నాడు, చదివేవాడున్నాడు. దానికొక రూపముంది. ఆ రూపంలో ఇమిడే మనుషులున్నారు, ఇమడక బయట నిలబడిపోయిన మనుషులున్నారు. కథలో పాత్ర కాలేకపోయినవాడికి పెద్ద నష్టమేమీ లేదు. రికార్డులో పాత్ర కాలేకపోయినవాడికి మాత్రం భూమి పోతుంది, కూలి పోతుంది, రేషన్ పోతుంది. అంచేత రూపానికీ వస్తువుకీ ఉన్న సంబంధాన్ని గురించి తరచు చర్చించుకునే మనం ఈ రచనను పట్టించుకోకపోవటం పొరపాటు.

గ్రామ పంచాయతీలు తమ అభివృద్ధి ప్రణాళికను తామే తయారు చేసుకోవాలని, అందుకు కావలసిన సమాచారం కంప్యూటర్లో సిద్ధంగా ఉండాలని ఇవాళ అందరూ అంటున్నారు. ఇందులో కాదనవలసింది లేదు. కాకపోతే ఊరి గురించిన సమాచారం కంప్యూటర్ వచ్చాక పుట్టింది కాదు. దానికి రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలియకపోతే కొత్త యంత్రం తెచ్చిన మార్పు ఏది, పాత పెత్తనమే కొత్త బట్ట కట్టుకుని వచ్చింది ఎక్కడ అన్న తేడా మనకు తెలియదు.

2

తెలుగు నాట ఊరి లెక్కకు మొదటి రచయిత కరణం. తాటాకుల మీదా, కాగితాల మీదా అతడు రాసుకున్న కవిలెలు ఊరి ఆస్తి కాదు, అతడి ఇంటి ఆస్తి. తండ్రి నుంచి కొడుక్కి దస్త్రంతో పాటు అధికారం కూడా సంక్రమించేది. సుమతీ శతకంలో కరణాన్ని గురించి హెచ్చరించే పద్యాలు ఒకటికి మించి ఉండటం ఊరికే జరగలేదు. రాత వచ్చిన ఒక్కడు, రాత రాని వందమంది మధ్య ఉన్నప్పుడు ఆ ఒక్కడి కలం ఎంత భయపెట్టగలదో ఆ పద్యాలు చెబుతాయి.

పంతొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల్లో కాలిన్ మెకంజీ కింద పనిచేసిన వాళ్లు ఊళ్లు తిరిగి, ఈ కరణాల కవిలెల నుంచీ, వృద్ధుల నోటి నుంచీ సేకరించినవే కైఫియత్తులు. ఆ పనికి దారి వేసినవాడు 1803లో చిన్న వయసులోనే చనిపోయిన కావలి వెంకట బొర్రయ్య. తర్వాత దాన్ని నడిపినవాడు ఆయన తమ్ముడు లక్ష్మయ్య. కైఫియత్తుల్లో ఊరి పేరు ఎలా వచ్చిందో, చెరువు ఎవరు తవ్వించారో, గుడికి ఏ మాన్యముందో, ఏ దొర ఎప్పుడు దోచుకుపోయాడో కలగలిసి ఉంటాయి. పుక్కిటి పురాణాలూ ఉంటాయి. మన వచన చరిత్రకు అవి విలువైన ఆధారాలు. వాటిలో ఊరు ఒక కథగా కనబడుతుంది. కాని ఆ కథలో చెరువు తవ్వించినవాడి పేరే తప్ప తవ్వినవాడి పేరు ఉండదు.

అదే కాలంలో దత్తమండలాలకు 1800లో కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పొలం పొలం కొలిపించాడు. ఆయన మద్రాసు గవర్నరుగా ఉన్న 1820 దశకంలో రైతువారీ పద్ధతి స్థిరపడింది. అక్కడి నుంచి ఊరు కథగా కాక పట్టికగా మారింది. సర్వే నంబరు, విస్తీర్ణం, తరం, శిస్తు, పట్టాదారు పేరు. కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ రెవెన్యూ వాళ్లు డైగ్లాట్ అని పిలిచే రిజిస్టరుంది. రెండు భాషల్లో, అంటే ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉండటం వల్ల దానికా పేరు. ఒకే పొలం గురించి పాలకుడి కోసం ఒక భాషలో, పాలితుడి కోసం ఒక భాషలో రాసిన పుస్తకమది. అయితే రెండు భాషల్లో రాసినా అడిగిన ప్రశ్న ఒకటే: ఈ చెక్క నుంచి ఎంత శిస్తు వస్తుంది? ఈ చెక్కను ఎవరు దున్నుతున్నారు, వాళ్లు ఏం తింటున్నారు అన్నది ఆ పుస్తకం అడగలేదు. అడంగల్లో పంట రాశారు, నీరు రాశారు. అదీ శిస్తు కోసమే.

నైజాం ఇలాకాలో పేర్లు వేరు. సేత్వార్, పహాణీ, ఫైసల్ పట్టీ. రాసేవాడు పట్వారీ. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' చదివినవాళ్లకు దొర గడీకీ ఆ కలానికీ ఉన్న చుట్టరికం వేరుగా చెప్పనక్కర్లేదు. తెలంగాణ రైతాంగ పోరాటంలో అప్పు పత్రాలకు నిప్పు పెట్టారంటే అది కాగితం మీద కోపం కాదు, ఆ కాగితాన్ని ఎవరు రాశారన్న దాని మీద కోపం. ఆ పోరాటం తర్వాతే 1950 కౌలుదారీ చట్టం వచ్చింది, రక్షిత కౌలుదార్ల జాబితా తయారయింది, 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. దున్నేవాడి పేరు రికార్డులోకి వచ్చింది. ఇది గుర్తుంచుకోవలసిన విషయం. రికార్డులో కొత్త గడి దానంతట అది పుట్టదు. కింది నుంచి ఎవరో ఒత్తిడి పెడితేనే పుడుతుంది.

3

1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ నివేదిక, 1959లో రాజస్థాన్ తర్వాత మన రాష్ట్రంలో పంచాయతీ సమితులూ జిల్లా పరిషత్తులూ రావటం తెలిసిన సంగతులే. ఊరి అభివృద్ధి ఊరివాళ్ల చేతికి వస్తుందన్నారు. కాని ఊరి సమాచారం మాత్రం కరణం పెట్టెలోనే ఉండిపోయింది. సమితిలో ఎన్నికైన సభ్యుడికి తన ఊళ్లో పోరంబోకు ఎంత ఉందో తెలుసుకోవాలంటే కరణం అరుగు మీద కూర్చోవలసిందే. 1984 జనవరిలో మునసబు కరణాల వ్యవస్థను ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేశారు. మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. వంశపారంపర్యం పోయింది. మంచిదే. కానీ దస్త్రాలు కొన్నిచోట్ల కొత్త ఉద్యోగులకు చేరనే లేదని, చేరినవాటిని చదవగలిగినవాళ్లు కరువయ్యారని పల్లెల్లో పనిచేసిన వాళ్లందరికీ తెలుసు.

ఇంచుమించు ఆ రోజుల్లోనే కంప్యూటర్ జిల్లా కేంద్రానికి వచ్చింది. 1976లో స్థాపించిన నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ 1980 దశకంలో జిల్లా సమాచార వ్యవస్థలను ప్రారంభించింది. ఊళ్ల వారీగా బడులు, బావులు, రోడ్లు, పశువుల లెక్కలు యంత్రంలోకి ఎక్కించటం మొదలుపెట్టారు. ఉద్దేశం మంచిదే. కాని ఆ లెక్క ఊరి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాజధానికి, అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్లేది. తిరిగి ఊరికి వచ్చే దారి లేదు. నీళ్లు పైకి ఎక్కే మోట ఉంది, పొలానికి పారే కాలువ లేదు.

4

ఈ దారిని తలకిందులు చేసి చూసినవాళ్లు కేరళలో ఉన్నారు. ఆ ప్రయోగాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి.

కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1962లో పుట్టింది. మలయాళంలో సైన్సు రాసే రచయితల సంఘంగా మొదలైన సంస్థ అది. 1990 తొలినాళ్లలో ఎర్త్ సైన్స్ అధ్యయన కేంద్రంతో కలిసి పంచాయతీ వనరుల పటాలు గీయించే పనికి పూనుకుంది. ఊరి యువకులూ యువతులూ సర్వే పటం చేతబట్టుకుని కమతం కమతం తిరిగారు. ఏ నేల ఏమిటి, ఏ బావిలో ఎండాకాలం నీళ్లుంటాయి, ఎక్కడ వరద నిలుస్తుంది, ఏ పొలం బీడు పడింది అని రాసుకున్నారు. వాళ్లు కలెక్టరు పంపిన వాళ్లు కాదు. ఆ ఊరి పిల్లలే. కన్నూరు జిల్లాలోని కల్యాశ్శేరి పంచాయతీలో ఈ పటాల మీద ఆధారపడి ఊరివాళ్లే ప్రణాళిక వేసుకునే ప్రయత్నం జరిగింది.

ఈ లోపు 73వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పదకొండో షెడ్యూలులో చేర్చారు. ఆర్థికాభివృద్ధికీ సామాజిక న్యాయానికీ ప్రణాళికలు తయారుచేయటం పంచాయతీల పని అని 243-జి అధికరణం చెబుతుంది. చాలా రాష్ట్రాలు ఆ అధికరణాన్ని చదివి పక్కన పెట్టాయి. కేరళలో 1996 ఆగస్టు 17న ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలయింది. రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తామన్నారు. ముందు గ్రామసభలు జరిగాయి. తర్వాత ప్రతి పంచాయతీ తన అభివృద్ధి నివేదిక రాసుకుంది.

సాహిత్య విద్యార్థులు గమనించవలసింది ఆ నివేదికల నిర్మాణాన్ని. వాటిలో అంకెలతో పాటు ఊరి చరిత్రకు కూడా చోటుంది. వివిధ శాఖల కార్యాలయాల్లో చెల్లాచెదురుగా పడివున్న లెక్కలను సేకరించటం, ఊళ్లో నడిచి చూడటం, గ్రామసభలో జనం చెప్పింది రాసుకోవటం, ఈ మూడింటి మీద ఆధారపడి తయారైన పుస్తకాలవి. బడిపంతుళ్లూ, రిటైరైన ఇంజనీర్లూ, సంఘాల కార్యకర్తలూ రాశారు. ఆ తర్వాత అభివృద్ధి గోష్ఠి పెట్టి దాని మీద చర్చించారు. మెకంజీ కైఫియత్తు కథ మాత్రమే, మన్రో రిజిస్టరు పట్టిక మాత్రమే. ఇక్కడ కథా పట్టికా రెండూ ఒకచోట చేరాయి. అంతకన్న ముఖ్యం, రాసేవాడూ చదివేవాడూ ఒకరే అయ్యారు.

1999లో ఇన్ఫర్మేషన్ కేరళ మిషన్ ఏర్పడింది. పంచాయతీలన్నిటినీ కంప్యూటరీకరించటం దాని పని. జనన మరణాల నమోదుకు 'సేవన', ప్రణాళికా పథకాల నమోదుకూ పర్యవేక్షణకూ 'సులేఖ' అనే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. కాగితాల గుట్టల్లో ఏ పథకం ఎక్కడ ఆగిందో తెలియని స్థితి పోయింది. ఈ లాభం చిన్నది కాదు. అయితే పథకం యంత్రానికి ఎక్కాలంటే దానికొక శీర్షిక, ఒక సంకేతం, ఒక మొత్తం ఉండాలి. అభివృద్ధి నివేదికలో 'ఈ బావి ఎందుకు ఎండింది' అన్న పేరా ఉండగలదు. యంత్రంలో 'బావి మరమ్మతు' అన్న వరుస మాత్రమే ఉంటుంది. ఎందుకు అన్న ప్రశ్న జారిపోతుంది. ఇది యంత్రం దోషమనను. గ్రామసభలో ఆ పేరాను మళ్లీ మళ్లీ రాసుకునే జనం ఉంటే వరుస దాని పని అది చేస్తుంది. వాళ్లు లేకపోతే వరుసే ప్రణాళిక అనిపించుకుంటుంది. అసలు ప్రమాదం అక్కడుంది.

5

కంప్యూటర్ మీద మనవాళ్లలో రెండు వాదాలున్నాయి. కంప్యూటర్ వస్తే అవినీతి దానంతటదే పోతుందనేది ఒకటి. కంప్యూటర్ పెత్తందారుల పనిముట్టు గనక దాన్ని దూరం పెట్టాలనేది రెండోది. ఈ రెంటికీ చరిత్ర సాక్ష్యం చెప్పదు.

కర్ణాటకలో 2001 ప్రాంతంలో పూర్తయిన 'భూమి' పథకం సుమారు 67 లక్షల మంది రైతుల 2 కోట్ల రికార్డులను యంత్రానికి ఎక్కించింది. పదిహేను రూపాయలు కట్టి రైతు తన పహాణీ నకలు తీసుకోగలిగాడు. గ్రామ లెక్కాధికారి ఇంటి చుట్టూ తిరిగే బాధ తగ్గింది. అయితే బెంగళూరు చుట్టుపక్కల పరిశీలించిన సోలమన్ బెంజమిన్ తదితరులు 2007లో ఇంకో సంగతి బయటపెట్టారు. ఊళ్లో ఎవరికీ అందని రికార్డు తాలూకా కేంద్రంలో అందరికీ అందుబాటులోకి వచ్చినప్పుడు, దాన్ని చదివి లాభపడగల శక్తి పెద్ద భూవ్యాపారులకే ఎక్కువని వాళ్లు వాదించారు. తలుపు అందరికీ తెరిచారు. లోపలికి వెళ్లగల చెప్పులు అందరికీ లేవు.

తెలంగాణలో 2017లో భూరికార్డుల ప్రక్షాళన, 2020 అక్టోబరులో ధరణి వచ్చాయి. ఆ సంవత్సరమే గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను రద్దు చేశారు. రిజిస్ట్రేషనూ, పేరు మార్పిడీ ఒకే రోజున అయిపోవటం చాలామందికి మేలు చేసింది. కాని ఆనాటి రైతాంగ పోరాటం తెచ్చిపెట్టిన గడి, సాగు చేసేవాడి పేరు రాసే అనుభవదారు గడి, ఈ కొత్త రూపంలో కనబడకుండా పోయింది. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే అందింది, కౌలురైతుకు అందలేదు. పాత పహాణీలో తప్పు రాస్తే పట్వారీని నిలదీయటానికి ఒక గడప ఉండేది. తెర మీద తన సర్వే నంబరు కనబడని రైతు ఎవరి గడప తొక్కాలి? ధరణి స్థానంలో 2025లో భూభారతి చట్టం వచ్చింది. ఒక యంత్రాన్ని మార్చటానికి ఎన్నికల్లో అది చర్చాంశం కావలసి వచ్చిందంటే, రికార్డు రూపం ఎంత రాజకీయ విషయమో తెలుస్తూనే ఉంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా మన నేల మీదే ఉంది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో బహిరంగ విచారణలు మొదలుపెట్టి, కూలీల మస్టర్ రోల్‌ను జనం ముందు పైకి చదివింది. చనిపోయినవాళ్ల పేర్లు, పనికి రానివాళ్ల పేర్లు బయటపడ్డాయి. 2005 సమాచార హక్కు చట్టానికి ఆ చదువే వేరు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించినప్పుడు మన రాష్ట్రం పని కొలతలూ, కూలి చెల్లింపులూ కంప్యూటర్లో పెట్టింది. దానికి తోడుగా సామాజిక తనిఖీని కూడా పెట్టింది. ఊరి యువకులు కంప్యూటర్ నుంచి తీసిన కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. 'నీ పేరున ఇన్ని రోజుల పని, ఇంత కూలి రాసి ఉంది. నిజమేనా?' అని అడిగారు. ఆ తర్వాత మండల కేంద్రంలో అందరి ముందూ చదివారు. లెక్క పైకి ఎక్కి మళ్లీ ఊరికి దిగిన సందర్భమిది. కాలువ తవ్వితే మోటకు విలువ వస్తుంది.

తర్వాతి కాలంలో అదే పథకంలో మరో రకం యంత్రాలు వచ్చాయి. 2023 జనవరి నుంచి కూలీలను రోజుకు రెండుసార్లు ఫోటో తీసి పంపితేనే హాజరు పడే పద్ధతిని దేశమంతటా తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని గుట్ట మీద పనిచేసినా, ఫోటో వెళ్లకపోతే పని చేయనట్టే. మొదటి పద్ధతిలో కూలీ లెక్కను తనిఖీ చేశాడు. రెండో పద్ధతిలో లెక్క కూలీని తనిఖీ చేస్తోంది. రెండిటిలోనూ కంప్యూటరే ఉంది. తేడా యంత్రంలో లేదు, చూపు ఎటు నుంచి ఎటు సాగుతోందన్న దానిలో ఉంది.

6

ఈ విషయం నాకు పుస్తకాల వల్ల అర్థం కాలేదు. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. నాతోటి ఉపాధ్యాయులందరిలాగే నేనూ ఫారాల కట్టతో ఒక ఊరికి వెళ్లాను. ఒక ఇంట్లో భార్య వృత్తి ఏమిటని అడిగితే భర్త, "ఏముంది సారూ, ఇంట్లనే ఉంటది" అన్నాడు. నేను గృహిణి అని రాసేశాను. ఆమె తలుపు పక్క నుంచి, "నాట్లకు పోతనే ఉన్న గదా" అంది. మెల్లగానే అంది. ఆమె కాలివేళ్ల సందులు బురదకు ఒరిసి ఉన్నాయి. ఇంకా ఇరవై ఇళ్లు మిగిలి ఉన్నాయి. కొట్టివేత ఉండకూడదని పైవాళ్లు గట్టిగా చెప్పారు. నేను కొట్టివేయలేదు. ఆ కాగితం కంప్యూటర్‌కు ఎక్కింది.

కరణాలను గురించి పాఠం చెప్పే నేను ఆ రోజు కరణాన్నే. నా చేతిలో కవిలె లేదు, మాన్యం లేదు. తొందర ఉంది, గడి ఉంది, అది చాలింది. నాట్లు వేసే ఆడవాళ్లను లెక్కలో చూడని ప్రణాళిక వాళ్ల కోసం ఏం చేస్తుంది? ఆ ఊరికి ఎవరైనా పథకం వేస్తే అందులో ఆమె పొలం గట్టు మీద ఉండదు, పొయ్యి దగ్గర ఉంటుంది. అలా ఉంచింది నా కలం.

7

2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభమయింది. అప్పటి నుంచి దేశంలోని పంచాయతీలు తమ వార్షిక ప్రణాళికలను అందులో పెడుతున్నాయి. మన ఊరి ప్రణాళికను ఎవరైనా తెరిచి చూడవచ్చు. 2024లో భాషిణి సహాయంతో దాన్ని 22 భాషల్లో చదివే ఏర్పాటు కూడా చేశారు. డైగ్లాట్ రెండు భాషల నుంచి ఇరవై రెండు భాషలకు వచ్చామన్నమాట. సంతోషించవలసిందే. కాని మన రెవెన్యూ తెలుగు ఒకప్పుడు ఫసలీ, జమాబందీ అని పార్శీలో మాట్లాడింది, ఇప్పుడు అప్‌లోడ్, మ్యుటేషన్ అని ఇంగ్లీషులో మాట్లాడుతోంది. పొలం గట్టు మీది మాట దానికి ఇంకా చుట్టపు చూపుగానే వస్తోంది. పదాలు మార్చినంత మాత్రాన ప్రశ్న మారదు. ప్రశ్న అడిగేవాడు మారాలి.

ఏడాది ఏడాదీ గ్రామసభల్లో మన ఊరి ప్రణాళిక ఆమోదం పొందుతున్నట్టు రికార్డయితే ఉంది. అక్కడ దాన్ని పైకి చదివారా? చదివితే ఎవరికి అర్థమయ్యే భాషలో? అందులో లేని బావి గురించి, లేని మనిషి గురించి ఎవరైనా లేచి అడిగారా? కథ చదివి ఇందులో ఎవరు లేరు అని అడగటం మన విమర్శకు అలవాటైన ప్రశ్న. ఆ ప్రశ్నను ఊరి లెక్కకు కూడా వేయటం మొదలుపెడదాం. సాహిత్య విద్యార్థులు పరిశోధన కోసం ఏ గ్రంథాలయానికో వెళ్లే ముందు తమ పంచాయతీ ప్రణాళికను ఒకసారి తెరిచి, దాన్ని పట్టుకుని ఊరంతా ఒకసారి నడవాలి. కాగితం మీద ఉన్నదేమిటో, కాళ్ల కింద ఉన్నదేమిటో పక్క పక్కన రాయాలి. అది కైఫియత్తూ అవుతుంది, తనిఖీ కూడా అవుతుంది.

నేను రాయని ఆ వృత్తి ఏ కంప్యూటర్లోనూ దానంతటది సరికాదు. ఎవరో ఒకరు మళ్లీ ఆ గుమ్మం దగ్గరికి వెళ్లి, ఈసారి ఆమెనే అడగాలి.